పైథాన్‌లో లూప్ రెండోసారి ఖాళీగా ఎందుకు వస్తుంది? ఐటరేటర్, ఐటరబుల్ తేడా ఇదే

కోడ్‌లో ఎర్రర్ వస్తే పెద్ద ఇబ్బంది లేదు, ఏ లైన్‌లో తప్పుందో పైథానే చెబుతుంది. ఎర్రర్ ఏమీ రాకుండా తప్పు జవాబు వచ్చినప్పుడే అసలు చిక్కు. ఐటరేటర్‌ను రెండోసారి వాడితే జరిగేది ఇదే.

మాది వాకాడు. మా వైపు రొయ్యల గుంటలు ఎక్కువ, అందుకే ఉదాహరణ కూడా అక్కడినుంచే తీసుకుంటున్నా. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి గుంటలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు. రొయ్యలు, నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా మాత్రం వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్, అంటే డీవో, బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గకుండా చూసుకోవాలి. తగ్గితే వెంటనే ఏరియేటర్లు వేయాలి.

ఒక చిన్న బోర్డుకి సెన్సార్ తగిలించి రీడింగ్స్ ఫైల్‌లో సేవ్ చేశాం అనుకోండి. ఫైల్‌లో ఆరు లైన్లు ఉన్నాయి: 6.1, 5.4, 4.6, 3.8, 3.2, 4.9. కోడ్ ఇలా ఉంటుంది (అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లీషులోనే):

రీడింగ్స్ = మ్యాప్(ఫ్లోట్, లైన్లు)
ప్రింట్(మ్యాక్స్(రీడింగ్స్))
అలర్ట్స్ = [ఎక్స్ ఫర్ ఎక్స్ ఇన్ రీడింగ్స్ ఇఫ్ ఎక్స్ < 4]

మ్యాక్స్ కరెక్ట్‌గా 6.1 అని ప్రింట్ అవుతుంది. అలర్ట్స్‌లో 3.8, 3.2 రావాలి కదా? రావు. ఖాళీ లిస్ట్ వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ప్రోగ్రామ్ దృష్టిలో గుంట బాగానే ఉంది!

ఏం జరిగింది?

న్యూస్‌పేపర్‌కీ రేడియో వార్తలకీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. పేపర్‌ను ఎంతమందైనా, ఎన్నిసార్లైనా మొదటినుంచి చదవొచ్చు. రేడియోలో వార్త వెళ్లిపోతే వెళ్లిపోయినట్టే.

లిస్ట్, టపుల్, డిక్షనరీ, రేంజ్ ఇవన్నీ పేపర్ లాంటివి, మళ్లీ మళ్లీ వాడుకునే ఐటరబుల్స్. మనం ఫర్ లూప్ రాసిన ప్రతిసారీ పైథాన్ లోపల ఐటర్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. లిస్ట్ అయితే ప్రతిసారీ కొత్త ఐటరేటర్‌ను ఇస్తుంది. ఆ ఐటరేటర్ 'ఎక్కడి దాకా చదివాం' అని గుర్తుపెట్టుకునే వేలు లాంటిది. నెక్స్ట్ పిలిచినప్పుడల్లా ఒక ఐటెమ్ ఇస్తుంది, అయిపోతే స్టాప్‌ఐటరేషన్ అంటుంది, అక్కడితో లూప్ ఆగుతుంది.

మ్యాప్, ఫిల్టర్, జిప్, ఎన్యూమరేట్, జనరేటర్లు, ఓపెన్ చేసిన ఫైల్ ఇవన్నీ రేడియో లాంటివి, అంటే ఐటరేటర్లు. వీటిని ఐటర్‌కి ఇస్తే కొత్తది రాదు, అదే ఆబ్జెక్ట్ తిరిగొస్తుంది. మన కోడ్‌లో మ్యాక్స్ చివరిదాకా చదివేసింది. తర్వాతి లూప్‌కి మొదటి అడుగులోనే స్టాప్‌ఐటరేషన్ వచ్చింది. లూప్‌కి అది తప్పు కాదు, 'పని అయిపోయింది' అని మామూలుగా చెప్పే మాట. అందుకే మనకేమీ కనపడలేదు.

ఇంకో తమాషా చూడండి. అలర్ట్స్ లైన్ ముందు పెట్టి మ్యాక్స్‌ను తర్వాత పెడితే వాల్యూఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఖాళీ దాంట్లో పెద్దది వెతకలేదు. మ్యాక్స్ బదులు సమ్ పెడితే మళ్లీ మౌనమే, 0 ఇస్తుంది. జావా ఈ విషయంలో కొంచెం కఠినం. ఒకసారి వాడేసిన స్ట్రీమ్‌ను మళ్లీ వాడితే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ ఇస్తుంది.

పాత ట్యుటోరియల్స్‌తో జాగ్రత్త

పైథాన్ 2లో మ్యాప్, ఫిల్టర్, జిప్ మామూలుగా లిస్టులే ఇచ్చేవి, అందుకే ఈ సమస్య లేదు. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3.0 నుంచి ఐటరేటర్లు ఇస్తున్నాయి. కారణం మెమరీ. ఒక్కో ఐటెమ్‌ను అవసరమైనప్పుడే తయారుచేస్తే కొన్ని జీబీల లాగ్ ఫైల్‌ను కూడా తక్కువ ర్యామ్ ఉన్న మెషీన్‌లో చదవొచ్చు.

రేంజ్ దగ్గర చాలామంది పొరబడతారు. అది కూడా నంబర్లన్నీ దాచుకోదు, స్టార్ట్, స్టాప్, స్టెప్ చాలు. కానీ అది ఐటరేటర్ కాదు. రేంజ్‌ను నేరుగా నెక్స్ట్‌కి ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది, ఎన్ని లూపులైనా తిప్పుకోవచ్చు. అంటే మెమరీ ఆదా వేరు, ఒకసారితో అయిపోవడం వేరు.

మరి ఏం చేయాలి?

ఏది ఏ రకమో తెలియకపోతే 'ఐటర్(డేటా) ఈజ్ డేటా' అని చెక్ చేయండి. ట్రూ వస్తే అది ఐటరేటర్, ఒకసారికే పనికొస్తుంది. డేటాను రెండుసార్లు చదవాల్సిన ఫంక్షన్ రాస్తుంటే, మొదటి లైన్లోనే ఈ చెక్ పెట్టి మీరే ఎర్రర్ ఇవ్వండి.

డేటా చిన్నదైతే లిస్ట్(మ్యాప్(ఫ్లోట్, లైన్లు)) అని రాస్తే సరిపోతుంది. మన రొయ్యల గుంట రీడింగ్స్‌కి ఇదే బెస్ట్.

డేటా మరీ పెద్దదైతే ఒక చిన్న క్లాస్ రాయండి. దాని డండర్ ఐటర్ మెథడ్‌లో ఫైల్ ఓపెన్ చేసి, ఒక్కో రీడింగ్‌ను యీల్డ్ చేయాలి. అప్పుడు ప్రతి ఫర్ లూప్‌కీ ఫైల్ మొదటినుంచి తెరుచుకుంటుంది. మెమరీ ఆదా అవుతుంది, ఎన్నిసార్లైనా చదవొచ్చు. ఐటర్‌టూల్స్‌లోని టీ ఫంక్షన్ కూడా ఉంది గానీ, మొదటి లూప్ పూర్తిగా అయ్యాక రెండోది మొదలుపెడితే అది లోపల అన్నీ దాచిపెట్టుకోవాల్సిందే. అప్పుడు లిస్టే నయం.

అలర్ట్ సిస్టమ్ ఏది రాసినా ఒక అలవాటు చేసుకోండి: ఖాళీ లిస్ట్ వస్తే 'ప్రమాదం లేదు' అని వెంటనే నమ్మొద్దు. ఎన్ని రీడింగ్స్ చదివిందో కూడా ప్రింట్ చేయించండి. ఆరు చదివి ఖాళీ వస్తే గుంట సేఫ్. సున్నా చదివి ఖాళీ వస్తే ముందు ఏరియేటర్ వేయండి, తర్వాత కోడ్ చూడండి.