యంత్రానువాదములో విద్యార్థి, మార్గదర్శి

మన సంఘములలోని యువతీయువకులు అనేకులు కంప్యూటరు విద్య అభ్యసించుచున్నారు. వారిలో కొందరు సెలవు దినములలో యంత్రానువాద ప్రాజెక్టులకు ఉచితముగా పని చేయుచున్నారని విన్నప్పుడు, అది సంఘకాపరికి సంబంధించిన సంగతి కాదనుకొనుట సహజము. మేమును అట్లే తలంచితిమి. నెల్లూరు తీరమందలి మా సంఘములో ఇంజినీరింగు చదువుచున్న ఒక యువకుడు తన చిక్కును మా యొద్దకు తెచ్చిన తరువాతనే ఈ విషయమును తెలిసికొన ప్రయత్నించితిమి.

ఓపెన్ సోర్స్ అనగా ప్రోగ్రాము యొక్క మూలపాఠమును ఎవరైనను చదివి, సవరించి, పంచుకొనుటకు అనుమతించు పద్ధతి. స్పెయిన్ దేశములోని అలికాంతే విశ్వవిద్యాలయములో పుట్టిన అపెర్టియం ఇట్టిదే. అది నిఘంటువుల మీదను వ్యాకరణ సూత్రముల మీదను ఆధారపడి అనువదించును. గూగుల్ సంస్థ 2005లో ప్రారంభించిన సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమములో అపెర్టియం 2009లో మొదటిసారి చేరి విద్యార్థులను తీసుకొన్నది. విద్యార్థి ముందుగా ఒక చిన్న పని చేసి చూపవలెను, తరువాత తన ప్రణాళికను వ్రాసి పంపవలెను. ఎంపికైన యెడల మెంటర్ అనబడు మార్గదర్శి అతనికి ఉండును. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఆ మార్గదర్శి పనిని పరీక్షించి, ఉత్తీర్ణుడో కాడో తేల్చును. ఇతర ప్రాజెక్టులలోను ఇంచుమించు ఇదే రీతి.

మా యువకుడు చేరినది వేరొక చిన్న ప్రాజెక్టు. అతని మార్గదర్శి విదేశస్థుడు, తెలుగు ఒక్క అక్షరమైనను రాదు. తీరవాసి గనుక ఆ యువకుడు తుఫాను హెచ్చరికల వాక్యములను పరీక్షకు తీసికొనెను. "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అను వాక్యమును యంత్రము "మత్స్యకారులకు వేటకు వెళ్ళుట తెలియదు" అను అర్థము వచ్చునట్లు ఇంగ్లీషులోనికి మార్చినది. మా సంఘములోని మత్స్యకారులు విని నవ్విరి. అయితే హెచ్చరికలోని నిషేధము మాయమగుట నవ్వులాట కాదు.

మేము వెంటనే పది వాక్యములకు సరియైన అనువాదము వ్రాసి ఇచ్చితిమి. అది మా పొరపాటు. మార్గదర్శి వాటిని స్వీకరింపక, "పదకొండవ వాక్యమునకు ఏమి చేయుదువు? సూత్రమేమిటి?" అని అడిగెను. ఇరువది యేండ్లకు పైగా తెలుగులో ప్రసంగించిన మా యొద్ద జవాబు లేదు!

కూర్చుండి ఆలోచించితిమి. "వాన రాదు" అన్నప్పుడు రాదు అనునది 'వచ్చు' క్రియకు వ్యతిరేకరూపము. "నాకు ఈత రాదు" అన్నప్పుడు మనిషి పేరు 'కు' విభక్తితో వచ్చును, అర్థము చేతకాదని. "వెళ్ళరాదు" అన్నప్పుడు అది మరియొక క్రియను అంటుకొని కూడదని నిషేధించును. మూడు చోట్లను గుర్తింపవచ్చునని సంతోషించుచుండగా సంఘములోని ఒక వృద్ధురాలు, "మా ఇంటికి ఒకసారి రారాదూ అంటే వద్దనా అయ్యగారూ?" అనెను. నిజమే. చివరి అచ్చు దీర్ఘమైతే నిషేధము పోయి ఆహ్వానమగును. అయితే సెల్‌ఫోనులో వ్రాయువారు ఆ దీర్ఘమును తరచుగా విడిచిపెట్టెదరు. అప్పుడు యంత్రము ఊహింపక, రెండు అర్థములను చూపుట మేలని మార్గదర్శి చెప్పెను. ఐ.ఐ.టి. కాన్పూరులో ఆరంభమై తరువాత హైదరాబాదులో కొనసాగిన అనుసారక ప్రాజెక్టు వారును, మూలములో స్పష్టత లేనిచోట యంత్రము స్వయముగా తీర్పు తీర్చరాదను ధోరణినే అవలంబించిరి.

ఇక్కడ గురువు ఎవరు? విశాఖపట్టణములో సువార్తలను తెలుగు చేసిన అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1810లో మరణించెను. ఆయన తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. ఆ పనిలో ఆయనకు తోడుగా నిలిచిన ఆనందరాయరుకు తెలుగు మాతృభాష. మిషనరీ బోధకుడే గాని, భాష విషయములో విద్యార్థి. మా యువకుని మార్గదర్శియు తెలుగు విషయములో ప్రశ్నలే వేసెను, తీర్పులు చెప్పలేదు.

ఒక కష్టమును కాపరులు గమనింపవలెను. అకుల, ప్రిస్కిల్ల అపొల్లోను చేర్చుకొని ప్రత్యేకముగా బోధించిరి (అపొ. కార్య. 18:26). ఓపెన్ సోర్స్‌లో దిద్దుబాటు అందరి యెదుట జరుగును. తప్పు బయటపడిన మరునాటి నుండి మావాడు ఒక వారము మార్గదర్శికి జాబు వ్రాయలేదు. పెద్దల యెదుట మౌనము వినయమని మనము పిల్లలకు నేర్పితిమి. అక్కడ మౌనముగా ఉన్న విద్యార్థి పని మానివేసెనని అనుకొందురు. ఈ సంగతి అతనికి నచ్చజెప్పుటయే మేము చేయగలిగిన నిజమైన సహాయమని మా అభిప్రాయము.

నేడు అనేక యంత్రములు సూత్రములతో కాక, లక్షలాది వాక్యముల జతలను చూచి నేర్చుకొనుచున్నవి. ఐ.ఐ.టి. మద్రాసులోని ఏఐ4భారత్ 2023లో వెలువరించిన ఇండిక్‌ట్రాన్స్2 మన 22 షెడ్యూల్డు భాషలకు పనిచేయును, అదియు ఓపెన్ సోర్సే. అట్టి యంత్రములకును పరీక్షవాక్యములు వ్రాసి, తప్పు ఎక్కడనో చూపు తెలుగువాడు కావలెను.

వృద్ధురాలి వాక్యము ఇప్పుడు మా యువకుని పరీక్షల పట్టికలో ఉన్నది. మొన్న అతడు మార్కు 4:38 తెచ్చెను. దోనెలోని శిష్యులు నశించువారి లెక్కలో ప్రభువును చేర్చి 'మనము' అందురా, విడిచి 'మేము' అందురా? గ్రీకులోను ఇంగ్లీషులోను ఆ భేదము లేదు. దీనికి మేమింకను సూత్రము వ్రాసి ఇవ్వలేదు.