ఇంటి ముందు పచ్చికకు స్ప్రింక్లర్: మల్దకల్‌లో పైపు కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

గద్వాల నుంచి అయిజ వైపు పోయేటప్పుడు మల్దకల్ దాటాక యాసంగిలో కనిపించే దృశ్యం అందరికీ తెలిసిందే. ఎర్ర చల్కల్లో బుడ్డల చేలు, వాటి మధ్య టక్ టక్‌మని తిరిగే స్ప్రింక్లర్లు. కాలువ నీళ్లు అందని చోట బోరు మీద వేరుశనగ పండించేది చాలావరకు ఈ తుంపర్లతోనే. అందుకే ఈ ప్రాంతంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు ముందు కాస్త పచ్చిక పెంచుకోవాలనుకోగానే, "చేనులో వాడే స్ప్రింక్లరే ఒకటి తెచ్చి పెడితే పోలా?" అనుకుంటారు. సౌదీలోనో దుబాయ్‌లోనో పనిచేసే కొడుకు, అక్కడి పార్కుల ఫొటోలు పంపి "అబ్బాజాన్, మనింటి ముందు కూడా ఇట్లా చేయిద్దాం, పైసలు నేను పంపిస్తా" అంటే పని ఇంకా తొందరగా మొదలవుతుంది.

పైసలు వస్తాయి సరే. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది ముందు తేల్చుకోవాల్సిన సంగతి. దుబాయ్ పార్కుల్లో పచ్చికకు పోసేది ఎక్కువగా శుద్ధి చేసిన మురుగు నీరు. అక్కడ దాని కోసం వేరే పైపు లైన్లే ఉన్నాయి. మల్దకల్‌లో ఇంటికి ఉన్నవి రెండే దారులు: సొంత బోరు, లేదంటే మిషన్ భగీరథ నల్లా.

నల్లా నీళ్ల సంగతి మొదట. మిషన్ భగీరథలో పల్లెలకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి, వుజూకు, బట్టలకు అన్నింటికీ కలిపి అంతే. ఆ నీళ్లను పచ్చికకు మళ్లిస్తే ఇంట్లోవాళ్ల వాటా తగ్గుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే వీధి చివరి ఇళ్లకు చుక్క కూడా చేరదు. ఆ పని ఎవరూ చేయకూడదు. కాబట్టి స్ప్రింక్లర్ ఆలోచన బోరు ఉన్న ఇంటికే. బోరు లేకపోతే పచ్చిక మాట పక్కన పెట్టి, నాలుగు మొక్కలతో సరిపెట్టుకోవడం మంచిది. పచ్చిక కోసమే కొత్త బోరు వేయిద్దామనుకుంటే, అది ఇష్టం వచ్చినట్టు వేసేది కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. అనుమతి వచ్చినా నీళ్లు పడతాయని పూచీ లేదు. బోరు ఎండిపోయి అప్పులైన కుటుంబాలు ఈ నడిగడ్డలో తక్కువేం కాదు.

ఎంత పచ్చికకు ఎన్ని నీళ్లు?

లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఏప్రిల్, మే ఎండల్లో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు కావాలి. స్ప్రింక్లర్ చల్లిన నీళ్లన్నీ వేరుకు చేరవు. గాలికి కొంత, ఆవిరిగా కొంత, గోడ మీద కొంత పోతాయి. నాలుగు వంతుల్లో మూడు వంతులే నేలకు దక్కుతాయని అనుకోవాలి.

10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు జాగా తీసుకుందాం. అంటే 200 చదరపు అడుగులు, దాదాపు 18.6 చదరపు మీటర్లు. గడ్డికి కావాల్సింది రోజుకు 93 లీటర్లు. పోయేది కలుపుకుంటే 125 లీటర్లు. ఒక మనిషికి భగీరథ ఇచ్చే రోజు వాటా కంటే ఎక్కువ! అదే పచ్చికను 1,000 చదరపు అడుగులకు పెంచితే రోజుకు 620 లీటర్లు, నెలకు 18,600 లీటర్లు. మే నెలలో బోరు చేతులెత్తేస్తే, 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు తెప్పించాలి. మీ ఊళ్లో ట్యాంకర్ ధర ఎంతో దాన్ని నాలుగుతో గుణించి చూసుకోండి. ఆ నెల ఖర్చు భరించగలమా అన్నదే అసలు బడ్జెట్. పైపుల ధర ఒకసారి పెట్టేది, నీళ్ల ధర ప్రతి వేసవికీ పెట్టేది.

అందుకే ఎంత జాగా ఉందన్నది చూసి పచ్చిక వేయకూడదు, మే నెలలో ఎన్ని నీళ్లు మిగులుతాయన్నది చూసి వేయాలి. కొలత కూడా వానాకాలం కాకుండా ఎండాకాలంలోనే తీసుకోవాలి. 20 లీటర్ల బకెట్ పెట్టి, ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్‌లో చూడండి. 40 సెకన్లలో నిండితే గంటకు 1,800 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 1,200 లీటర్లే లెక్కలోకి తీసుకోవాలి. బోరు అయితే మోటారు వేసిన వెంటనే కాకుండా అరగంట నడిచాక కొలవండి. మొదట్లో ధారగా వచ్చేది, తర్వాత సన్నబడటం ఇక్కడ మామూలే.

చేనులోది ఇంటికి ఎందుకు పనికిరాదు?

బుడ్డల చేనులో తిరిగే స్ప్రింక్లర్ ఒక్కటే గంటకు 1,500 నుంచి 2,000 లీటర్ల దాకా చల్లుతుంది. చుట్టూ 10, 12 మీటర్ల దూరం పోతుంది. దానికి రెండు కిలోలకు పైగా ప్రెషర్ ఉండాలి. ఇంటి ముందు అది తిరిగితే తడిసేది రోడ్డు, పక్కింటి గోడ, ఆరేసిన బట్టలు, పాపం వాకిట్లో కూర్చున్న నానీమా కూడా.

ప్రెషర్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నీళ్ల ట్యాంకు ప్రతి 10 మీటర్ల ఎత్తుకు ఒక కిలో ప్రెషర్ ఇస్తుంది. ఒక అంతస్తు ఇంటి మీద ట్యాంకు ఉంటే నేల నుంచి నీటి మట్టం నాలుగు మీటర్లుంటుందేమో. అంటే 0.4 కిలో. ఇంటి లాన్‌కు వాడే చిన్న మైక్రో స్ప్రింక్లర్‌కు కూడా ఒక కిలో పైనే కావాలి. నేలలో దాగి ఉండి నీళ్లు రాగానే పైకి లేచే పాప్-అప్ రకానికి ఇంకా ఎక్కువ. ట్యాంకు నుంచి నేరుగా కలిపితే స్ప్రింక్లర్ తిరగదు, నీళ్లు దాని మొదట్లోనే కారి మడుగు కడతాయి. అప్పుడు షాపువాడిని తిట్టి లాభం లేదు. మధ్యలో ఒక చిన్న బూస్టర్ మోటారు ఉండాల్సిందే.

డ్రిప్పుకు ఆ బాధ లేదు. ఒక కిలో ప్రెషర్‌లో గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్, 0.4 కిలోలో రెండున్నర లీటర్ల దాకా ఇస్తుంది. కాస్త ఎక్కువసేపు వదిలితే చాలు. అందుకే గోరింటాకు, మల్లె, నిమ్మ, కరివేపాకు, దానిమ్మ లాంటి వాటికి డ్రిప్పు, పచ్చిక ముక్కకు మాత్రమే స్ప్రింక్లర్ అని రెండుగా విడదీసుకోవాలి. రెండింటికీ వేరు వేరు వాల్వులు ఉండాలి. గడ్డికి కావాల్సిన సమయం వేరు, నిమ్మచెట్టుకు కావాల్సిన సమయం వేరు.

కాగితం మీద గీసుకోవాల్సిన బొమ్మ

పైన చెప్పిన 10, 20 అడుగుల జాగాకు ఆరు మైక్రో స్ప్రింక్లర్లు సరిపోతాయి. నాలుగు మూలల్లో పావు వృత్తం చల్లేవి నాలుగు, పొడవాటి అంచుల నడుమ అర వృత్తం చల్లేవి రెండు. గుండ్రంగా చల్లేవి అంచుల్లో పెడితే సగం నీళ్లు బయటికే. పావు వృత్తానిది గంటకు 45 లీటర్లయితే, అర వృత్తానిది 90 ఉండాలి. అది తడిపే జాగా రెట్టింపు కదా. మొత్తం గంటకు 360 లీటర్లు. ఒకదాని తుంపర రెండోదాని మొదలు దాకా అందాలి. అలా అందకపోతే మధ్యలో ఎండిన మచ్చలు పడతాయి, ఆ మచ్చ కోసం ఇంకా పావుగంట ఎక్కువ తిప్పి నీళ్లు పాడుచేసుకుంటాం.

పెట్టాక ఒక పరీక్ష చేయండి. ఒకే సైజు డబ్బాలు ఐదారు పచ్చికలో అక్కడక్కడా పెట్టి, పావుగంట తిప్పి, స్కేలుతో లోతు కొలవండి. ఒకదాంట్లో రెండు మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో ఎనిమిది ఉంటే స్ప్రింక్లర్ల జాగా మార్చాలి. పిల్లలకు ఈ పని అప్పజెబితే సంతోషంగా చేస్తారు.

ఖర్చు ఎంత?

ధరలు కంపెనీని బట్టి, షాపును బట్టి మారుతాయి. గద్వాలలో ఒకటి, కర్నూలులో ఒకటి ఉండొచ్చు. లెక్క ఎలా కట్టాలో చూపడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. ఆరు మైక్రో స్ప్రింక్లర్లు 300 రూపాయలు, 16 మిల్లీమీటర్ల పైపు 30 మీటర్లు 360, డ్రిప్పర్లు, జాయింట్లు 300, జాలీ ఫిల్టర్ 500, వాల్వులు, ఇతర సామాను 600, అర హెచ్‌పీ బూస్టర్ మోటారు 3,500, ప్లంబర్ కూలీ 1,500. మొత్తం 7,060 రూపాయలు. టైమర్ కావాలంటే ఇంకో 2,500 అనుకోండి.

ఇందులో గమనించాల్సింది మోటారు. సగం ఖర్చు అదొక్కటే. అది అవసరమైంది 200 అడుగుల గడ్డి కోసం మాత్రమే. గడ్డి వద్దనుకుని మొక్కలకు డ్రిప్పుతో ఆగిపోతే మోటారు, స్ప్రింక్లర్లు రెండూ తగ్గి మూడు వేల చిల్లరలో పనైపోతుంది. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట ఇదే. నిజంగా గడ్డి మీద ఎవరు కూర్చుంటారు? సాయంత్రం చాయ్‌కి రోజూ కూర్చునే ఇల్లయితే పెట్టొచ్చు. బయటివాళ్లు చూడటానికైతే దండగ.

డబ్బు మిగుల్చుకోవడానికి ఫిల్టర్ మాత్రం తీసేయకండి. బోరు నీళ్లలో ఉప్పులు, సన్న ఇసుక ఉంటాయి. ఫిల్టర్ లేకుంటే ఒక్క వేసవిలోనే రంధ్రాలు మూసుకుపోతాయి. స్ప్రింక్లర్ మూతి మీద తెల్లటి పొర కట్టినప్పుడు సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై పాడవుతుంది. ఊడదీసి రాత్రంతా సిర్కాలో నానబెట్టి కడిగితే పొర కరిగిపోతుంది.

సబ్సిడీ మాట కూడా తేల్చుకుందాం. కేంద్ర పథకం కింద డ్రిప్పు, స్ప్రింక్లర్లకు చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతా రైతులకు 45 శాతం సాయం ఉంది. రాష్ట్రం దాని మీద ఇంకొంత కలుపుతుంది. అయితే అది పంట భూమికి. ఇంటి లాన్‌కు వర్తించదు. పొలం పేరు మీద తీసుకుని ఇంటి ముందు వేసుకుందామనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి.

కరెంటుది చిన్న లెక్కే గానీ వదిలేయకూడదు. అర హెచ్‌పీ మోటారు గంటకు సుమారు అర యూనిట్ తాగుతుంది. రోజు విడిచి రోజు 40 నిమిషాలు నడిపితే నెలకు 5 యూనిట్లు. కానీ ట్యాంకు నింపడానికి బోరు మోటారు కూడా అదనంగా నడుస్తుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలంలో కూలర్ ఉన్న ఇల్లు ఆ గీత దగ్గరే తిరుగుతుంటుంది.

ఎప్పుడు, ఎంతసేపు?

ఫజ్ర్ నమాజు అయ్యాక అన్నింటికంటే మంచి సమయం. అప్పటికి గాలి లేవదు, ఎండ ఉండదు, ఇంట్లో మనిషి లేచే ఉంటారు. టైమర్ ఖర్చు కూడా తప్పుతుంది. మధ్యాహ్నం చల్లితే ఆవిరికే పోతాయి. జూన్, జూలైలో ఈదురుగాలి తోలే రోజుల్లో స్ప్రింక్లర్ తిప్పకండి, తుంపర్లన్నీ పక్కింట్లో పడతాయి.

రోజూ కాస్త చల్లడం కంటే రోజు విడిచి రోజు, ఒకేసారి 250 లీటర్లు ఇవ్వడం నయం. మన ఉదాహరణలో 40 నిమిషాలు. వేరు లోతుకు దిగుతుంది. చల్క నేల అయితే నీళ్లు త్వరగా ఇంకుతాయి. నల్లరేగడి అయితే 20 నిమిషాలు తిప్పి, గంట ఆగి మళ్లీ 20 నిమిషాలు తిప్పాలి, లేకపోతే పైనుంచే పారిపోతుంది.

గడ్డి రకం విషయంలో నర్సరీవాళ్లు మెత్తటి కార్పెట్‌లాంటి దాన్ని చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది, కానీ నీళ్లు తగ్గితే ముందు చచ్చేది అదే. పొలం గట్ల మీద పెరిగే మన గరిక ఎండకు ఓర్చుకుంటుంది. నీళ్లు లేకపోతే గోధుమ రంగుకు తిరిగి నిద్రపోతుంది, మొదటి వానకు లేస్తుంది. ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ పేరుతో స్టేడియాల్లో వేసేది దాని జాతినే. తెచ్చి నాటుకోవడానికి ఖర్చు కూడా ఉండదు.

వుజూ చేసిన నీళ్లలో సబ్బు ఉండదు. ఇల్లు కట్టేటప్పుడే వుజూ చేసే చోటు నుంచి ఒక పైపు పెరటి వైపు తిప్పితే ఐదు పూటల నీళ్లూ నిమ్మచెట్టుకో అరటికో చేరతాయి. మేస్త్రీకి ఒక్క మాట చెబితే అయ్యే పని ఇది. కట్టాక చేయాలంటే గచ్చు పగలగొట్టాలి. అలాగే వాకిట్లో టైల్స్ వేయకముందే, నడకదారి కింద అడ్డంగా రెండంగుళాల ఖాళీ పైపు ఒకటి పాతి రెండు చివరలూ మూత పెట్టి ఉంచండి. ఈ ఏడు స్ప్రింక్లర్ వద్దనుకున్నా, తర్వాతెప్పుడైనా పెట్టాలనిపిస్తే పైపు ఆ సందులోంచి పోతుంది, టైల్స్ తీయాల్సిన పని ఉండదు.