బావురు పిల్లి: 115 వెనుక ఉన్న లెక్క

కాకినాడ పక్కనున్న కోరంగి మడ అడవుల్లో 2018 సర్వే తేల్చిన బావురు పిల్లుల సంఖ్య 115. కోరంగి అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సగటున రెండు చదరపు కిలోమీటర్లకు ఒక పిల్లి అన్నమాట.

ఆ 115 ఎవరూ కళ్లతో చూసి లెక్కపెట్టినవి కావు. బావురు పిల్లి రాత్రిపూట తిరిగే జీవి. మడ అడవుల్లో మోకాలి లోతు బురద, నేలలోంచి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, పోటు వస్తే కాలిబాటే మునిగిపోతుంది. అందుకే కాలువ గట్ల మీద కెమెరాలు కడతారు. ఒంటి మీది మచ్చలు ఏ పిల్లికా పిల్లికే వేరు. ఫొటోలు పోల్చి చూస్తే ఒకే పిల్లిని రెండుసార్లు లెక్కించే పొరపాటు జరగదు. ఎడమ పక్క మచ్చలు, కుడి పక్క మచ్చలు ఒకేలా ఉండవు కనుక రెండు వైపులా ఫొటో పడాలి. ఇంత శ్రమతో వచ్చిన అంకె కాబట్టే నాకు దానిమీద గౌరవం.

ఇంటి పిల్లి నాలుగైదు కిలోలుంటే, మగ బావురు పిల్లి 16 కిలోల దాకా తూగుతుంది. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ పార్కులో దీని మలాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలకు దాని తిండిలో దాదాపు ముప్పావు వంతు చేపలే కనిపించాయి. వేళ్ల మధ్య కొద్దిపాటి పొర, ఒంటికి నీరు తగలనివ్వని దట్టమైన లోపలి బొచ్చు ఆ వేటకు తోడు.

ముప్పున్న జీవుల ప్రపంచ స్థాయి జాబితాలో 2008లో ‘అంతరించే ప్రమాదం’ వర్గంలో ఉన్న ఈ పిల్లిని 2016లో ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న వర్గానికి మార్చారు. మన వన్యప్రాణి చట్టంలో మాత్రం పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. అయితే చట్టం వేటగాణ్ని ఆపినంత తేలిగ్గా చెరువు తవ్వే పొక్లెయిన్‌ను ఆపలేదు. చిత్తడి నేల రొయ్యల చెరువైతే పిల్లికి దాగే రెల్లు పొదా, చేప దొరికే మడుగూ రెండూ పోతాయి.

ఒడిశాలోని చిలికా సరస్సులో సర్వే చేసి 2022లో వెలువరించిన అంచనా 176 బావురు పిల్లులు. ఆ సర్వే జరిగింది రక్షిత ప్రాంతాల బయట. అభయారణ్యం గీత దాటినా ఈ పిల్లి బతకగలదని దాని అర్థం. కోరంగి చుట్టూ ఉన్న చెరువు గట్లు, మురుగు కాలువల మీద కూడా అలాంటి కెమెరాలే కట్టి లెక్క తీయాలి.