పాత విమానానికి కొత్త బోల్టు

విమానానికీ వ్యాకరణానికీ చుట్టరికం వుందని యెవరైనా అంటే వెనకటికి నేను నవ్వి వూరుకునేవాణ్ణి. గడచిన వేసంగి సెలవుల్లో అమెరికా వెళ్లి, కాన్సాస్ రాష్ట్రంలో మా మేనల్లుడింట నెల్లాళ్లు వుండి వచ్చాను. యిప్పుడు నవ్వను.

మావాడు పాత చిన్నవిమానాలు బాగుచేసే మెకానిక్కు. ఒకనాడు తన షెడ్డుకు నన్ను తీసుకుపోయాడు. అక్కడ పసుప్పచ్చని బుల్లివిమానం ఒకటి వుంది. పైపర్ కబ్ అంటారట. 1938 నుంచి 1947 దాకా అలాంటివి దాదాపు 20,000 తయారయ్యాయి. మనుషులు ఇద్దరు పడతారు. వుక్కుగొట్టాల చట్రానికి గుడ్డ బిగించి రంగు పూసిన శరీరం. దాని యజమాని వుద్యోగం విరమించిన ముసలాయన. ఆ పూట ఆయన బజారులో ఇనపసామాన్ల కొట్లో కొన్న బోల్టు ఒకటి పట్టుకొచ్చాడు. అదే పొడుగు, అదే లావు; పైగా పాతదానికంటె తళతళలాడుతోంది. మావాడు మాత్రం ససేమిరా అన్నాడు.

నాకు ముసలాయనమీద జాలేసింది. "ఓరి, మన వూళ్లో లారీలు యెక్కడ దొరికిన సామానుతో అక్కడ నడుస్తున్నాయి. ఒక్క బోల్టుకోసం పెద్దమనిషినింత యేడిపించాలా?" అన్నాను.

"మామయ్యా, నువ్వే చూడు" అంటూ రెండు బోల్టులూ నా అరచేతిలో పెట్టాడు. విమానపు బోల్టు తలమీద గుణకారపు గుర్తులాంటి గీతలున్నాయి. యే లోహం, యెంత బలం, యే కొలత అన్నది ప్రమాణపత్రంలో రాసి, ఆ ప్రకారం చేశామని చెప్పే గుర్తు అది. పైగా మరలు కొసనే వున్నాయి. బరువు మోసేది మరలు లేని నునుపుభాగం. బజారు బోల్టుకు మరలు పైదాకా పాకాయి. రంధ్రంలో మరలమీద బరువు పడితే అక్కడే తెగుతుందట.

"లారీ చెడితే రోడ్డుపక్కన ఆపుతారు. దీన్ని యెక్కడ ఆపుతారు, చెప్పు?" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక సంగతి చెప్పాడు. 1989 సెప్టెంబరు 8న నార్వేలోని ఆస్లోనుంచి జర్మనీలోని హాంబర్గుకు బయల్దేరిన విమానమొకటి డెన్మార్కు తీరానికి దూరంగా సముద్రంలో కూలింది. అందులోని 55 మందీ చనిపోయారు. విమానం 36 యేళ్ల పాతది. తోకమీది నిలువురెక్కను బిగించిన బోల్టులూ, పిన్నులూ కొన్ని తగిన బలంలేని నకిలీవని దర్యాప్తులో తేలింది. చూపుకు అన్నీ ఒక్కలాంటివే! నా నోట ముద్ద దిగలేదు.

అమెరికా ప్రభుత్వం విమానానికి మారుభాగం యెవరు చేయవచ్చునో నియమం పెట్టింది. విమానం చేసిన కంపెనీవారు చేయవచ్చు. ప్రభుత్వం తనిఖీచేసి అనుమతించిన యితర కంపెనీలు చేయవచ్చు. బోల్టులూ నట్టులవంటివి ప్రకటిత ప్రమాణానికి సరిపోతే చాలు. యిక విచిత్రమైనది, యజమానే స్వయంగా చేయించుకోవచ్చు! ఆయన సుత్తి పట్టనక్కర్లేదు. నమూనాచిత్రమో లోహమో తానిచ్చినా, దగ్గరుండి పని చూసుకున్నా చాలు. కాని ఆ భాగం తన విమానానికే. యితరులకు అమ్ముకోవడానికి చేయరాదు. ఆమోదించిన కొలతలకు తప్పరాదు.

"మరి కంపెనీ యెప్పుడో మూతపడితేనో?" అన్నాను.

"అదే మా బాధ" అన్నాడు. నియమం మరీ బిగిస్తే, మారుభాగం దొరక్క కొందరు అరిగినదాంతోనే యెగురుతారు. అదీ ప్రమాదమే. యిది గుర్తించే ప్రభుత్వశాఖ 1980కి ముందు నమూనా ఆమోదం పొందిన చిన్నవిమానాలకోసం 2009లో మార్గదర్శకాలు యిచ్చింది. 2022లో మరొక పద్ధతి పెట్టింది. చెడినా విమానం క్షేమంగా దిగడానికి అడ్డురాని భాగాలకు బజారులో దొరికే సరుకును పరీక్షించి ఒప్పుకోవచ్చునన్నది. ప్రాణం ఆధారపడే భాగానికి మాత్రం ఆ సడలింపు లేదు.

కబ్ రెక్కలకు మొదట నూలుగుడ్డ వేసేవారు. యిప్పుడు పాలియెస్టరు గుడ్డ వేసి, మన ఆడవాళ్లు చీరెలు యిస్త్రీ చేసినట్టు వేడి యిస్త్రీపెట్టెతో బిగువు తెప్పిస్తున్నారు. అది మంచి మార్పే. అయితే అనుబంధపు ఆమోదపత్రం పుచ్చుకుని చేసిన మార్పు.

అప్పుడు నాకు తరగతిలో నేను చెప్పే గసడదవాదేశసంధి జ్ఞాపకం వచ్చింది. ఆగమం స్నేహితుడిలా పక్కన వచ్చి కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వున్నదాన్ని గెంటి ఆ పీటమీద కూర్చుంటుందనీ పండితులంటారు. అయినా ఆదేశానికి కట్టుబాటుంది. క పోయినచోట గ రావాలి. ప పోయినచోట వ రావాలి. దగ్గరగా వుందికదా అని యేదిపడితే అది వస్తే మాట చెడుతుంది. మాట చెడితే నేను ఎర్రసిరాతో దిద్దుతాను. ఆకాశంలో దిద్దేవాడు లేడు.

మర్నాడు గుర్తున్న బోల్టు వచ్చింది. మావాడు బిగించి, ఫలానా భాగం, ఫలానా తేదీ అని విమానపు పుస్తకంలో రాసి కింద సంతకం చేశాడు. ఆ సంతకంతో పూచీ వాడి నెత్తికెక్కిందన్నమాట.

సాయంత్రం ముసలాయన వెనకసీట్లో యెక్కి, ముందుసీటు చూపించి నన్ను రమ్మన్నాడు. నేనసలే పిరికివాణ్ణి. పుస్తకం తెరిచి, మావాడి సంతకం మరోసారి చూసుకుని యెక్కాను.