చాదర్ గుడ్డతో సంచుల బ్రాండు పెట్టాలంటే: ముందుగా వేసుకోవాల్సిన లెక్కలు

సోలాపూర్ పూర్వభాగంలోని మన తెలుగు ఇళ్ళలో కుట్టుపని వచ్చిన ఆడవాళ్ళు, చదువు ముగించిన పిల్లలు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మన ఊరి గుడ్డతో రోజూ వాడుకునే మంచి సంచులు కుట్టి, సొంత పేరు పెట్టి, కాస్త మంచి ధరకు అమ్మితే నడుస్తుందా?" నడుస్తుంది. కానీ ఏ ధరకు అమ్మాలి, కొనేవారికి ఏం చెప్పాలి, కుట్టేవారికి ఎంత ముట్టాలి అనే మూడూ మొదటి సంచి కుట్టకముందే తేల్చుకోవాలి. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మన పెద్దలు తెలంగాణ జిల్లాల నుంచి నేతపని పట్టుకుని ఈ ఊరికి వచ్చారు. ఇక్కడి చాదర్, టెర్రీ టవల్ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మగవాళ్ళు పవర్‌లూమ్ మీద, ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుడుతూ సంసారాలు ఈదిన కుటుంబాలు మనలో ఎన్నో. బీడీ పని కూతుళ్ళకు వద్దని ఇప్పుడు తల్లులే అంటున్నారు. అందుకే సంచుల ఆలోచనను సరదా వ్యాపారంగా తీసుకోకూడదు. అది కొన్ని ఇళ్ళకు బీడీ చాట బదులు కుట్టుమిషన్ కావాలి. ఆ కోణంలోనే ఈ లెక్కలు వేస్తున్నాను.

పది రూపాయల సంచితో పోటీ వద్దు

మహారాష్ట్రలో ప్లాస్టిక్ సంచుల నిషేధానికి 2018 మార్చి 23న ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది జూన్ 23 నుంచి అమలు మొదలైంది. అప్పటినుంచి గుడ్డసంచికి గిరాకీ ఉంది, అయితే అది ఎక్కువగా చవక సంచికే. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరు 23న పసుపు సంచి ఉద్యమం మొదలుపెట్టి, చెన్నై కోయంబేడు మార్కెట్‌లో పది రూపాయల నాణెం వేస్తే సంచి ఇచ్చే యంత్రాన్ని కూడా పెట్టింది. మంచి పనే. కానీ ఆ ధరతో మన ఇంట్లో కుట్టే మనిషి పోటీ పడలేదు.

బజారులో గుడ్డసంచిలా కనిపించే నాన్‌వోవెన్ సంచులు ఇంకో పోటీ. అవి గుడ్డ కావు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. కొనేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒకసారి చెప్పి చూపిస్తే తేడా వారికే తెలుస్తుంది.

కాబట్టి మన సంచి పెళ్ళిలో తాంబూలానికి ఇచ్చే సంచి కాకూడదు, కూరగాయలకు ఊరికే వచ్చే సంచీ కాకూడదు. ఒక మనిషి ఐదారేళ్ళు ఆఫీసుకు, అంగడికి, రైలు ప్రయాణానికి వాడుకునే సంచి కావాలి. తక్కువ సంఖ్యలో కుట్టి, మంచి ధరకు అమ్మేది అదే.

గుడ్డసంచి అయినంత మాత్రాన పర్యావరణానికి మేలు జరగదు

ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. కానీ వ్యాపారం పెట్టేవారు తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, భూతాపం విషయంలో ఒకసారి వాడి పారేసే పలుచటి ప్లాస్టిక్ సంచి కన్నా నూలు సంచి మెరుగనిపించుకోవాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ మరిన్ని అంశాలు కలిపి లెక్క వేసింది. అన్ని అంశాల్లోనూ మెరుగు కావాలంటే మామూలు నూలు సంచిని 7,100 సార్లు, సేంద్రియ నూలు సంచిని 20,000 సార్లు వాడాలని అందులో తేలింది. పత్తి పండించడానికి, నూలు వడకడానికి, నేయడానికి, రంగు వేయడానికి పట్టే నీరు, ఎరువు, కరెంటు అంత ఎక్కువన్నమాట.

అయితే మురుగుకాలువల్లో, రోడ్ల పక్కన, పశువుల కడుపుల్లో చేరే ప్లాస్టిక్ చెత్త ఆ లెక్కల్లో లేదు. మన ఊళ్ళలో అసలు బాధ అదే కాబట్టి గుడ్డసంచి దండగ అనుకోనక్కర్లేదు. ఈ అంకెల నుంచి మనం నేర్చుకోవాల్సినవి రెండు.

ఒకటి, సంచి ఎన్నేళ్ళు మన్నితే అంత మేలు. వారానికి రెండుసార్లు వాడితే 131 సార్లు కావడానికి దాదాపు పదిహేను నెలలు పడుతుంది. ఆరు నెలలకే పట్టీ ఊడిపోయే గుడ్డసంచి ఎవరికీ మేలు చేయదు. రెండు, కొత్తగా గుడ్డ నేయించడం కన్నా ఇప్పటికే నేసి మిగిలిపోయిన గుడ్డ వాడటం మంచిది. నేతలో చిన్న లోపం వచ్చి పక్కన పెట్టిన చాదర్లు, అమ్ముడుపోని పాత డిజైన్లు, కత్తిరింపు ముక్కలు మన ఊళ్ళోనే దొరుకుతాయి. స్విట్జర్లాండులోని జూరిక్‌లో 1993లో ఫ్రైటాగ్ అన్నదమ్ములు పాత లారీల టార్పాలిన్లు కోసి సంచులు కుట్టడం మొదలుపెట్టారు. ఏ రెండు సంచులూ ఒకేలా ఉండకపోవడమే వారి బ్రాండుకు గుర్తుగా నిలిచింది. మన చాదర్ మీది నెమలిపింఛం డిజైనును ఒక్కో చోట కోస్తే ఒక్కోలా కనిపిస్తుంది. మనకూ అదే లాభం.

గుడ్డ, కొలత, కుట్టు

చాదర్ గుడ్డ దళసరిది. గట్టిగా ఉంటుంది, రెండు వైపులా డిజైను కనిపిస్తుంది. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న చాదర్ తీసుకుంటే, 20 అంగుళాల వెడల్పు, 39 అంగుళాల పొడవు చొప్పున ఆరు ముక్కలు వస్తాయి. ముక్కను మడిచి కుడితే 15 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల అడుగు ఉన్న సంచి అవుతుంది. మిగిలిన 12 అంగుళాల పట్టీలో ఆరు లోపలి జేబులు సరిగ్గా సరిపోతాయి. గుడ్డ వృథా కాదు.

కోయకముందే గుడ్డను తడిపి ఆరబెట్టాలి. లేకపోతే కొన్నవారు మొదటిసారి ఉతికినప్పుడు సంచి కుంచించుకుపోతుంది, అస్తరు ముడతలు పడుతుంది. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది రంగు దిగుతుందో లేదో చూడాలి. రంగు దిగే గుడ్డను ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. తెల్లచొక్కాకు మరక పడితే కొన్నవారు మళ్ళీ మన దగ్గరికి రారు.

సంచి తెగేది ఎప్పుడూ పట్టీ అతికిన చోటే. అక్కడ లోపల ఇంకో గుడ్డముక్క వేసి, చతురస్రంగా కుట్టి, మధ్యలో గుణకారం గుర్తులా మళ్ళీ కుట్టాలి. నాలుగు పొరలు కలిసే చోట ఇంట్లో వాడే మామూలు మిషన్ మొరాయిస్తుంది. 16 లేదా 18 నంబరు సూది, వీలైతే ఇండస్ట్రియల్ మిషన్ కావాలి. ప్రతి కొత్త నమూనాలోనూ ఒక సంచిలో 10 కిలోల బియ్యం పోసి ఒక రోజంతా కొక్కేనికి వేలాడదీయండి. కుట్టు కదలకపోతేనే మిగతావి కుట్టండి.

ధర ఎక్కడ నుంచి వస్తుంది

ఇది గుమాస్తా లెక్క, ఎవరైనా వేసుకోవచ్చు. అంకెలు ఉదాహరణకే. మీ ఖర్చులు పెట్టి మళ్ళీ వేసుకోండి. చాదర్ రూ.600 అనుకుంటే ఒక సంచికి గుడ్డ రూ.100. పట్టీ రూ.25. అస్తరు, దారం, లేబులు రూ.35. గంటంపావు కుట్టుపనికి గంటకు రూ.80 చొప్పున కూలి రూ.100. తడపడం, కోయడం, ఇస్త్రీ రూ.20. చుట్టే కాగితం, రవాణా రూ.20. అద్దె, కరెంటు, మిషన్ అరుగుదల రూ.30. పాడైనవాటికి, తర్వాత చేయాల్సిన మరమ్మతులకు రూ.20. మొత్తం రూ.350.

చాలామంది ఇక్కడ ఆగి, రూ.499 పెడితే రూ.149 లాభం అనుకుంటారు. దుకాణంలో పెట్టి అమ్మితే ఏమవుతుందో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నూలు సంచులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రూ.499లో ఆ పన్ను తీస్తే మిగిలేది రూ.475. దుకాణదారు 35 శాతం అడిగితే రూ.166 పోతుంది. చేతికి వచ్చేది రూ.309. ప్రతి సంచికీ రూ.41 నష్టం.

అప్పుడు ఏం జరుగుతుంది? గుడ్డ ధర తగ్గదు, దుకాణదారు తగ్గడు. తగ్గేది కుట్టే మనిషి కూలి. గంటకు రూ.80 కాస్తా రూ.50 అవుతుంది. బీడీ మానేసి మిషన్ ఎక్కిన అక్కకు మళ్ళీ అదే పీస్ రేటు బతుకు. సంచి మీద పర్యావరణం, గ్రామీణ మహిళ అని ఎంత అందంగా రాసుకున్నా లోపల జరిగేది ఇదే.

అదే సంచికి రూ.799 పెడితే పన్ను పోను రూ.761, దుకాణదారుకు రూ.266, మనకు రూ.495. ఖర్చు తీసేస్తే రూ.145 మిగులుతుంది. కొత్త గుడ్డ కొనడానికి, అమ్ముడుపోని సరుకును భరించడానికి ఆ మాత్రం ఉండాలి. ఎక్కువ ధర అంటే ఆడంబరం కాదు. కూలి, మరమ్మతు, నష్టం అన్నీ దాచకుండా కలిపితే వచ్చే ధర అది. కొనేవారికీ ఇది దుబారా కాదు. వారానికి రెండుసార్లు చొప్పున ఐదేళ్ళు వాడితే 520 సార్లు, అంటే ఒక్కోసారికి రూపాయిన్నర.

చెప్పే మాటకు ఆధారం ఉండాలి

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరు 15న పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారంపై మార్గదర్శకాలు ఇచ్చింది. పర్యావరణహితం, గ్రీన్, సహజం వంటి మాటలు వాడితే ఆధారం చూపగలగాలి. కాబట్టి "భూమిని కాపాడే సంచి" అని రాయకండి. "నేతలో లోపం వల్ల పక్కన పెట్టిన నూలు చాదర్‌తో కుట్టినది, కుట్టు ఊడితే ఐదేళ్ళ వరకు మేమే బాగుచేస్తాం" అని రాయండి. ఇందులో ప్రతి మాటా చూపించగలిగినదే.

పవర్‌లూమ్ గుడ్డను చేనేత అనకండి. అది కొనేవారికి, చేనేతవారికి కూడా అన్యాయం. పవర్‌లూమ్ అని చెప్పుకోవడంలో తక్కువేమీ లేదు. ఈ ఊరు దాని మీదే బతికింది. అలాగే సోలాపూర్ చాదర్ అనే పేరుకు 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం రక్షణ ఉంది. ఆ పేరు వాడే హక్కు అధీకృత వినియోగదారులుగా నమోదైనవారిదే. లేబులు మీద అచ్చు వేయకముందే గుడ్డ ఇచ్చినవారిని, తెలిసిన న్యాయవాదిని అడగండి.

పేరు, కాగితాలు

పేరు చిన్నదిగా ఉండాలి. మన ఊళ్ళో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవారు ముగ్గురూ తడుముకోకుండా పలకగలగాలి. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో ఉచితంగా వెతకవచ్చు. సంచులు 18వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి రూ.4,500.

ఉద్యం నమోదుకు రుసుము లేదు. దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి. సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మేవారికి ఏడాదికి రూ.40 లక్షల వరకు జీఎస్టీ నమోదు మామూలుగా అవసరం లేదు. కానీ హైదరాబాదులోని బంధువుల దుకాణానికో, బెంగళూరుకో పంపాలంటే రాష్ట్రం దాటినట్టే కాబట్టి ముందుగానే అకౌంటెంటును కలవండి. కవరులో పెట్టి అమ్మితే తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర ముద్రించాలి.

కుట్టుపని చేసేవారు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. దర్జీ పని అందులో ఉంది. పనిముట్లకు రూ.15,000 వరకు సాయం, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం వస్తాయి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు.

మొదట అరవై సంచులు చాలు

ఐదు రకాలతో మొదలుపెట్టకండి. ఒకే కొలత, ఒకే నమూనా. పది చాదర్లు కొంటే అరవై సంచులు. పై లెక్కన పెట్టుబడి రూ.21,000. ఇద్దరు ముగ్గురు కలిస్తే అప్పు లేకుండా సమకూరుతుంది. పండరిపురం, తుల్జాపూర్, అక్కల్‌కోట్ వెళ్ళే యాత్రికులు మన ఊరి మీదుగానే పోతారు, కానీ వారిలో ఎక్కువమందికి కావాల్సింది చవక సంచి. మన గిరాకీ పుణె, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల దగ్గర, వారి స్నేహితుల దగ్గర ఉంది. తెలిసినవారికి కూడా ఊరికే ఇవ్వకండి. పూర్తి ధరకు అమ్మి, ఆరు నెలల తర్వాత ఫోను చేసి సంచి ఎలా ఉందో, ఎక్కడ చిరిగిందో అడిగి రాసిపెట్టుకోండి. రెండో విడతలో ఆ చోట కుట్టు మార్చండి.

అరవైలో నలభై పూర్తి ధరకు పోయి, మరమ్మతుకు నాలుగైదే తిరిగివస్తే ముందుకు సాగవచ్చు. సగం కూడా పోకపోతే ధర తగ్గించి ఎక్కువ కుట్టడం దారి కాదు. నమూనా మార్చండి, లేదా అక్కడితో ఆపండి. ఆపినా పోయేది ఇరవై వేల లోపే.

భాగస్వాములు ఎంత దగ్గరివారైనా కుట్టుకూలి గంటకు ఎంత అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. లాభం ఎప్పుడు వస్తుందో తెలియదు. కూలి మాత్రం వారం వారం ఇవ్వాల్సిందే.