కంది వేళ్ళమీది బుడిపెలు

2025 వానాకాలంలో మహబూబాబాద్ ప్రాంతపు రైతులు యూరియా బస్తా కొరకు గంటల తరబడి వరుసలు కట్టవలసి వచ్చింది. ఆ బస్తాలో మనకు కావలసినది నత్రజని. చిత్రమేమిటంటే, వరుసలో నిలబడ్డవారి నెత్తిమీది గాలిలో నూటికి 78 పాళ్లు అదే నత్రజని. ఎకరం నేలమీద నిలిచిన గాలిలో అది 30 వేల టన్నులకు పైగా వుంటుంది. కాని పైరు దానిని నేరుగా తినలేదు. ఆ పరమాణువులు రెండేసి గట్టిగా పెనవేసుకొని వుంటవి. వాటిని విడదీయడానికి ఫ్యాక్టరీలో గొప్ప వేడి, ఒత్తిడి కావాలి. లేదా ఒక సూక్ష్మజీవి కావాలి.

జనగామ చెలకల్లో గాని, భూపాలపల్లి వైపు గాని కంది వేసినవారు విత్తిన నెల, నలభై రోజులకు, వాన పడి నేల మెత్తబడిన మరునాడు ఒక మొక్కను త్రవ్వి చూడండి. పీకవద్దు. పీకితే మనం చూడదలచినవి మట్టిలోనే తెగిపోతవి. గడ్డపారతో మట్టి పెళ్లతో సహా లేపి, బకెట్టు నీళ్ళలో మెల్లగా కడగండి. వేళ్ళకు ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు కనిపిస్తవి. కొందరు వీటిని తెగులనుకుంటారు. నులిపురుగుల వల్ల కూడా వేళ్ళు ఉబ్బుతవి, నిజమే. కాని ఆ ఉబ్బు వేరులోనే కలిసి వుంటుంది, గోటితో గిల్లితే రాదు. ఈ బుడిపె వేరు పక్కన అంటుకొనివుండి సులువుగా ఊడివస్తుంది. దానిని బ్లేడుతో కోయండి. లోపల ఎరుపో గులాబియో వుంటే పని జరుగుతున్నదన్న మాట. తెల్లగానో పచ్చగానో వుంటే అది ఒట్టి బుడిపె.

ఆ ఎరుపు మన నెత్తుటి ఎరుపుకు చుట్టమే. బుడిపెలో కాపురముండే బాక్టీరియా పేరు రైజోబియం. నత్రజనిని విడదీసే దాని సరంజామా, ప్రాణవాయువు ఎక్కువైతే చెడిపోతుంది. అసలే లేకుంటే బాక్టీరియాకు ఊపిరాడదు. అందుచేత ఈ ఎర్రని పదార్థం ప్రాణవాయువును కొలిచి కొలిచి అందిస్తుంది. మొక్క చక్కెర పెడుతుంది, బాక్టీరియా నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే ఇద్దరు ఈ సంగతి వెల్లడించారు. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బాక్టీరియాను విడిగా పెంచి చూపాడు.

ఇది ధర్మదానం కాదు, పాలుకు చేసే సేద్యం వంటిది. సోయా చిక్కుడు మీద జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో, నత్రజని ఇవ్వని బాక్టీరియాకు మొక్క ప్రాణవాయువు తగ్గించి శిక్షిస్తున్నట్లు కనిపించింది. మొక్కకు లెక్క తెలుసు! నేలలో యూరియా దండిగా దొరికితే అసలు ఈ పొత్తే సరిగా పెట్టుకోదు, బుడిపెలు తగ్గిపోతవి. కందికి, పెసరకు యూరియా గుప్పించేవారు డబ్బిచ్చి ఉచితపు నత్రజనిని వదులుకుంటున్నట్లే.

ఇటువంటి పొత్తులు ముదిరి ఒకే జీవిగా మారడం కూడ వున్నది. మన ఒంటి కణాలలో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలు ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియాలే. 1967లో అమెరికా శాస్త్రజ్ఞురాలు లిన్ మార్గులిస్ ఈ వాదం ప్రచురించినపుడు పలువురు నమ్మలేదు, తరువాత నమ్మక తప్పలేదు. ఆ బాక్టీరియాలు మన రైజోబియంకు దూరపు దాయాదులు. 2024లో ఒక సముద్రపు నాచులో నత్రజని పట్టే బాక్టీరియా ఆ కణంలో అవయవంగానే మారిపోయిందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వరికి అట్టి భాగ్యం ఇంకా పట్టలేదు.

ఇక పని సంగతి. కంది, పెసర, మినుము, వేరుశనగ ఒక కోవ. శనగకు, సోయాకు వేరు వేరు రకాల రైజోబియం కావాలి. కాబట్టి ప్యాకెట్టు మీద పంట పేరు, గడువు తేదీ చదివించుకొని మరీ తీసుకోండి. 8 నుంచి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల పొడి చాలు. బెల్లం నీళ్ళు కాచి, బాగా చల్లార్చి, విత్తనానికి తడి పట్టించి, పొడి కలిపి, నీడలో ఆరబెట్టి అదేరోజు విత్తండి. తెగులు మందు పట్టించేది వుంటే అది ముందు, రైజోబియం చివర. విస్తరణ కార్యకర్తలు ప్యాకెట్లను ఎండలో, బండి డిక్కీలో వుంచి ఊళ్లు తిరగరాదు. వేడికి ప్రాణి చచ్చి, రైతు చేతికి వట్టి పొడి మిగులుతుంది.