బండికి ఏ నూనె?

మా బావమరిదికి కారున్నది. నాకు మోటారు సైకిలున్నది. ఈ రెంటికీ ఏదైనా సంబంధం ఉందని అనంతగిరి ఘాటు ఎక్కేదాకా నాకు తోచలేదు.

కారుకు నూనె మార్పించగా మిగిలిన డబ్బా అతడు నాకిచ్చాడు. ఖరీదైన సరుకు. పైన "5 డబ్ల్యు 30" అనీ, ఇంధనం ఆదా చేస్తుందనీ అచ్చువేసి ఉన్నది. ఊరికే వచ్చినదాన్ని కాదనే స్వభావం మా వంశంలో లేదు. బండిలో పాత నూనె తీయించి ఇది పోయించాను. వారం రోజులు బండి హాయిగానే నడిచింది.

ఆ ఆదివారం మా శ్రీమతిని వెనుక ఎక్కించుకుని విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరాను. శృంగవరపుకోట దాటాక ఘాటు మొదలైంది. మూడో గేరులో పిడి తిప్పితే ఇంజను గావుకేకలు పెడుతున్నది గాని చక్రం ముందుకు పోదు. రెండో గేరూ అంతే. వెనుక లారీ హారను, పక్కన లోయ. "దిగి నడవమంటారా?" అని మా ఆవిడ అడిగిన తీరు ఇక్కడ వ్రాయదగినది కాదు.

బండిని ఒక వారగా నిలిపి, చల్లారనిచ్చి, వచ్చిన దారినే దింపుకుని కోటలో ఒక మెకానిక్కును పట్టుకున్నాను. అతడు బండి వంక చూడలేదు, నా వంక చూశాడు.

"ఏ ఆయిలు పోసేరు బాబూ?"

చెప్పాను.

"అది కారుది గదండీ! మీ బండి క్లచ్చి నూనెలో తడుస్తాది. కారు క్లచ్చి తడవదు."

ఇంత చిన్న మాట ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. మన మోటారు సైకిళ్ళలో చాలా వాటికి ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్చికీ ఒకటే నూనె. క్లచ్చి పలకలు ఒకదానినొకటి రాపిడితో పట్టుకుంటేనే ఇంజను బలం చక్రానికి చేరుతుంది. గేర్లు వేసే కారులో సామాన్యంగా క్లచ్చి పొడిగా ఉంటుంది, గేర్లకు వేరే నూనె. అందుచేత పెట్రోలు ఆదా కోసమని కొన్ని కారు నూనెలలో రాపిడిని తగ్గించే మందులు కలుపుతారు. ఇంజనుకు అవి మేలే. తడి క్లచ్చికి మాత్రం, అరచేతులకు ఆముదం రాసి చేద తాడు లాగమన్నట్టే.

ఈ చిక్కు తీరేందుకే జపానువారు 1998లో మోటారు సైకిలు నూనెలకు ప్రత్యేక ప్రమాణం ఏర్పరిచారు. డబ్బా వెనుక "జాసో ఎం.ఎ." అని గాని, "ఎం.ఎ.2" అని గాని ఉంటే తడి క్లచ్చికి పనికివస్తుంది. "ఎం.బి." అంటే రాపిడి తక్కువ, అది గేర్లు లేని స్కూటర్లకు.

ఇక అంకెల సంగతి. "డబ్ల్యు" అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో నూనె అంత సులువుగా పారుతుంది. వెనుక అంకె 100 డిగ్రీల వేడిలో అది ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. "మన ఎండలకు చిక్కటిది పోయండి" అని సలహా చెప్పేవారు వీధికి నలుగురు. 10 డబ్ల్యు 30 కోరే చిన్న బండికి 20 డబ్ల్యు 50 పోస్తే, పొద్దున్న బండి తీయగానే నూనె పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది. పెట్రోలు కూడా కొంత ఎక్కువ తాగుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కైతే 15 డబ్ల్యు 50 పోయమంటారు. పక్కవాడి బండిని చూసి పోయించడం, పక్కవాడి కళ్ళజోడు పెట్టుకోవడం వంటిది. బండితో ఇచ్చిన పుస్తకంలో అంకె ఉంటుంది. నా పుస్తకం మూడేళ్ళుగా బీరువాలో పెళ్ళి శుభలేఖల కింద ఉన్నది!

నల్లబడగానే నూనె చెడిందనుకోవడమూ పొరపాటే. మసిని తనలో కలుపుకుని మోస్తుంది గనుకనే ఆ నలుపు. మార్చవలసింది కిలోమీటర్లూ నెలలూ చూసి.

మెకానిక్కు ఆ నూనె దింపి, సరైనది పోసి చూశాడు. పలకలు అప్పటికే మాడి ఉండడంవల్ల జారుడు పోలేదు. కొత్తవి వేయక తప్పింది కాదు. ఊరికే వచ్చిన నూనెకు అయిన ఆ ఖర్చు బావమరిదికి నేనింతవరకు చెప్పలేదు. మా శ్రీమతి చెప్పింది.

ఈసారి అరకుకు రైల్లో పోదామంటున్నది.